ఫైర్ స్టేషన్లో అంబులెన్స్‌కి ఏం పని?

మంటలు ఆర్పేవాళ్ళకి గుండెపోటుతో ఏం పని? అమెరికాలో చిన్న చిన్న టౌన్లలో ఈ ప్రశ్న మీద ఇప్పటికీ గట్టిగా వాదించుకుంటారు. టౌన్ ఫైర్ డిపార్ట్‌మెంట్ సొంతంగా అంబులెన్స్ నడపాలా, లేక ఒక ప్రైవేటు కంపెనీకి కాంట్రాక్ట్ ఇచ్చేసి ఊరుకోవాలా అని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా: ఫైర్ డిపార్ట్‌మెంటే నడపాలి. ఒక షరతు మాత్రం ఉంది. దాని సంగతి తర్వాత.

ముందు ఒక లెక్క. అమెరికాలో ఫైర్ డిపార్ట్‌మెంట్లకి వచ్చే కాల్స్‌లో నిజంగా మంటల కోసం వచ్చేవి నూటికి అయిదు కూడా ఉండవు. దాదాపు మూడింట రెండు వంతులు వైద్యసాయం కోసమే. ఇళ్ళలో స్మోక్ అలారాలు వచ్చాయి, బిల్డింగ్ రూల్స్ కఠినం అయ్యాయి, సిగరెట్లు తగ్గాయి. మంటలు తగ్గాయి కదా అని స్టేషన్లు మూసేయలేరు. నిప్పు అంటుకుంటే కొన్ని నిమిషాల్లో చేరాలి కాబట్టి ఆ స్టేషన్లు అక్కడే ఉండాలి, అందులో మనుషులు రాత్రీ పగలూ ఉండాలి. మన ఓఎస్ క్లాసు భాషలో చెప్పాలంటే ప్రాసెసర్ ఖాళీగా ఉంది, కరెంటు బిల్లు మాత్రం పూర్తిగా కడుతున్నాం. గుండె ఆగినవాడికి కూడా కావలసింది నిమిషాలే. సీపీఆర్, షాక్ అందకపోతే బతికే అవకాశం నిమిషానికి ఏడు నుంచి పది శాతం పడిపోతుందని డాక్టర్లు చెప్తారు. రెండు పనులకీ ఒకే రకం ఆస్తి కావాలి: దగ్గర్లో, సిద్ధంగా ఉన్న మనుషులు.

ఇప్పుడు అసలు కథ. 1960లలో అమెరికాలో అంబులెన్సులు ఎవరు నడిపేవారో తెలుసా? అంత్యక్రియలు చేసే కంపెనీలు! పడుకోబెట్టి తీసుకెళ్ళగలిగేంత పొడుగు కారు వాళ్ళ దగ్గరే ఉండేది మరి. 1966లో అక్కడి నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రమాద మరణాల మీద ఒక నివేదిక వేసింది. దేశంలో సుమారు సగం అంబులెన్స్ సర్వీసులు 12,000 మంది అంత్యక్రియల వ్యాపారుల చేతిలో ఉన్నాయని అందులో రాశారు. పేషెంట్ బతికితే ఒక బేరం, పోతే ఇంకో బేరం. (నవ్వొచ్చింది కానీ చదువుతుంటే కొంచెం ఒళ్ళు జలదరించింది కూడా.)

ఆ రోజుల్లోనే ఐర్లండ్ ద్వీపంలోని బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అనే డాక్టర్ డీఫిబ్రిలేటర్‌ని బండిలో పెట్టి గుండెపోటు వచ్చినవాళ్ళ ఇంటికే పంపడం మొదలుపెట్టాడు. పేషెంట్ ఆసుపత్రికి రావడం కాదు, ఆసుపత్రే పేషెంట్ దగ్గరకి పోవడం. అది చూసి సియాటిల్‌లో లెనార్డ్ కాబ్ అనే హృద్రోగ డాక్టర్, గోర్డన్ వికరీ అనే ఫైర్ చీఫ్ కలిశారు. డాక్టర్ ఫైర్ డిపార్ట్‌మెంట్ తలుపే ఎందుకు తట్టాడో అన్నది నాకు బాగా నచ్చిన భాగం. వాళ్ళ దగ్గర ప్రతి ఫస్ట్ ఎయిడ్ కాల్‌కీ కంప్యూటర్ రికార్డు ఉండేది. 1970కి ముందే! ఏ కాల్ ఎక్కడ, ఎప్పుడు అని డేటా ఉన్నచోటే కొత్త పని పెట్టాడు ఆయన. సీఎస్ఈ వాళ్ళం ఇక్కడ కాస్త కాలర్ ఎగరేసుకోవచ్చు.

1970 మార్చిలో మెడిక్ వన్ మొదలైంది. ఫైర్‌మెన్‌కే హార్బర్‌వ్యూ ఆసుపత్రిలో ట్రైనింగ్ ఇచ్చారు. మొదటి బండి ఒక పెద్ద మోటార్ హోమ్, దాని అవతారం చూసి జనం ‘మోబీ పిగ్’ అని పేరు పెట్టారు. పద్ధతి ఏంటంటే, ముందు దగ్గర్లో ఉన్న ఫైర్ ఇంజన్ వెళ్ళి సీపీఆర్ మొదలుపెడుతుంది, వెనకాలే పారామెడిక్స్ వస్తారు. తర్వాత అక్కడితో ఆగకుండా ఊళ్ళో మామూలు జనానికి కూడా సీపీఆర్ నేర్పడం మొదలుపెట్టారు. ఎవరైనా చూస్తుండగా కుప్పకూలి, షాక్‌కి లొంగే లయలో గుండె ఉన్న కేసుల్లో ఆ ప్రాంతంలో సగానికి పైగా బతికి ఇంటికెళ్ళిన సంవత్సరాలు ఉన్నాయి. ప్రపంచంలో చాలాచోట్ల ఆ అంకె కలలో కూడా రాదు.

అయితే ఫైర్ వాళ్ళే మొదటి హీరోలు అని చెప్పేస్తే అబద్ధం అవుతుంది. పిట్స్‌బర్గ్‌లో 1967లో ఫ్రీడమ్ హౌస్ అని ఒక అంబులెన్స్ సర్వీస్ పెట్టారు. హిల్ డిస్ట్రిక్ట్ అనే పేద పేటలోని నల్లజాతి యువకులకి డాక్టర్ పీటర్ సాఫర్ ఆధ్వర్యంలో ట్రైనింగ్ ఇచ్చారు. అప్పటి అమెరికాలో అంత బాగా నేర్చుకున్న అంబులెన్స్ సిబ్బంది చాలా తక్కువ. 1975లో నగరం దాన్ని మూసేసి సొంత సర్వీస్ పెట్టుకుంది. కాబట్టి ఎర్ర బండి మాత్రమే గొప్ప అనడం లేదు నేను. ఎవరు డబ్బు పెడుతున్నారు, దేనికి పెడుతున్నారు అన్నదే నా పాయింట్.

మా బాబాయ్ ఒహాయోలో కొలంబస్‌కి కాస్త దూరంగా ఉంటాడు. ఒకసారి పిన్ని కళ్ళు తిరిగి పడిపోతే అంబులెన్స్ వచ్చింది, ఓ ప్రైవేటు కంపెనీది. ఆరు కిలోమీటర్లు కూడా లేదు ఆసుపత్రి. తర్వాత 1,400 డాలర్ల బిల్లు వచ్చింది, ఇన్సూరెన్స్‌తో వాళ్ళకి ఒప్పందం లేదట. “ఒరేయ్, ఇంకోసారైతే ఊబర్ పిలుస్తాన్రా” అన్నాడు వీడియో కాల్‌లో. “బాబాయ్, ఊబర్‌లో ఆక్సిజన్ ఉండదు కదా” అన్నా. “నీకేం, నువ్వు జోకులేస్తావ్” అని కట్ చేశాడు.

ఆయన కోపం వెనక ఒక చట్టం కూడా ఉంది. 2022 జనవరి నుంచి అమెరికాలో హఠాత్తుగా వచ్చే ఇలాంటి బిల్లుల్ని అడ్డుకునే చట్టం అమల్లోకి వచ్చింది. అందులో హెలికాప్టర్ అంబులెన్స్ ఉంది, రోడ్డు మీద వెళ్ళే అంబులెన్స్ లేదు! ఎమ్మెస్‌కి వెళ్ళబోయే మన సీనియర్లు వీసా స్లాట్లతో పాటు ఇది కూడా తెలుసుకుని వెళ్తే మంచిది.

ప్రైవేటు వాళ్ళు దొంగలని కాదు. వాళ్ళకి డబ్బు వచ్చేది పేషెంట్‌ని ఎక్కించుకుని దింపినప్పుడే. చిన్న టౌన్లో రోజుకి రెండు కాల్స్ వస్తాయి. మిగతా సమయమంతా ఊరికే కాచుకుని ఉండాలి. ఇద్దరు మనుషులు వారంలో 168 గంటలూ ఉండాలంటే 336 మనిషి-గంటలు. ఒక్కొక్కరు వారానికి 42 గంటలు చేస్తే ఎనిమిది మంది కావాలి, సెలవులు లెక్కేయకుండానే. ఆ ఖర్చంతా ఆ రెండు కాల్స్ మీద రాబట్టాలి. అందుకే వ్యాపారం పెద్ద ఊళ్ళ వైపు, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మార్చే ట్రిప్పుల వైపు పోతుంది. టౌన్ దగ్గర ఆ పద్ధతి చెల్లదు. కాచుకుని ఉండటమే అసలు సేవ, దానికే డబ్బు కట్టాలి.

ఒహాయోలో దీనికి ఆస్తి పన్నులో ఒక లెవీ పెట్టి జనాన్ని ఓటు అడుగుతారు. లెక్క ‘మిల్లు’ల్లో. ఇంటి మార్కెట్ ధరలో 35 శాతం మీద వెయ్యికి ఒక డాలర్ అయితే ఒక మిల్లు. లక్ష డాలర్ల ఇంటికి ఏడాదికి 35 డాలర్లు. ఇల్లు మూడు లక్షలది, లెవీ మూడు మిల్లులు అనుకుందాం: ఏడాదికి 315. బాబాయ్ బిల్లుతో పోలిస్తే నాలుగేళ్ళ పైచిలుకు పన్ను. టౌన్ అంబులెన్సులు కూడా బిల్లు వేస్తాయి, అది నిజమే. కానీ చాలా టౌన్లు ఊరి వాళ్ళ దగ్గర ఇన్సూరెన్స్ ఇచ్చినంత తీసుకుని మిగతాది వదిలేస్తాయి. విచిత్రం ఏంటంటే హెచ్1బీ మీద ఉన్న మా బాబాయ్ ఆ పన్ను కడతాడు, ఓటు మాత్రం వెయ్యలేడు.

ఇక నా షరతు. న్యూయార్క్‌లో 1996లో నగర అంబులెన్సుల్ని ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో కలిపేశారు. ఇన్నేళ్ళయినా అక్కడ ఫైర్‌మన్ జీతానికీ అంబులెన్స్ మనిషి జీతానికీ చాలా తేడా. ఫలితం? నాలుగేళ్ళు అంబులెన్స్ మీద పని నేర్చుకున్నవాడు పరీక్ష రాసి ఫైర్‌మన్ అయిపోతాడు. అనుభవం అంతా గొట్టాలు పట్టుకోవడానికి పోతుంది. కాల్స్ ఎక్కువ ఒకరికి, గౌరవం ఎక్కువ ఇంకొకరికి. ఒకే కప్పు కింద పెట్టి రెండో భార్య పిల్లల్లా చూస్తే కలపకపోవడమే మేలు. జీతం, ప్రమోషన్, పెన్షన్ సమానం చేస్తేనే నా ఓటు. (నాకూ అక్కడ ఓటు లేదనుకోండి.)

దీన్ని చిన్న దేశాల వ్యవహారం అనుకోవద్దు. జపాన్ 1963లోనే చట్టం మార్చి అంబులెన్స్‌ని అగ్నిమాపక శాఖ బాధ్యత చేసింది. 119 కొడితే ఏ ఊళ్ళో అయినా ఫైర్ స్టేషన్ నుంచే వస్తుంది, పైసా తీసుకోరు.

మరి మన దగ్గర? 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 మంచి పద్ధతి. ఒకే నంబరు, ఒకే కాల్ సెంటర్, పేషెంట్‌కి బిల్లు లేదు. దాన్ని పీకి ఫైర్ వాళ్ళకి ఇవ్వమని నేను అనను. కేరళలో అగ్నిమాపక శాఖ దగ్గర కొన్ని అంబులెన్సులు ఉన్నాయి, మనం అలా కూడా మొదలుపెట్టక్కర్లేదు. నేను అడిగేది ఇంకా చిన్నది. మా ఊరి ఫైర్ స్టేషన్ ముందు నుంచి పదేళ్ళు స్కూల్ బస్సులో వెళ్ళాను. ఎండాకాలం గడ్డివాములు, పత్తి మిల్లులు, దీపావళి రాత్రి తప్ప ఆ ఎర్ర బండి కదలడం చూసింది తక్కువ. అక్కడున్నవాళ్ళు ఖాళీగా ఉన్నారని కాదు, సిద్ధంగా ఉన్నారు. వాళ్ళకి సీపీఆర్ ట్రైనింగ్, ఒక డీఫిబ్రిలేటర్ ఇచ్చి, గుండె ఆగిన కేసు వస్తే 108 కాల్ సెంటర్ ఆ స్టేషన్‌కి కూడా ఫోన్ కలిపితే చాలు. అంబులెన్స్ వచ్చేదాకా ఆ నాలుగు నిమిషాలు వాళ్ళవి.

ఇది చదివి మా రూమ్మేట్ అడిగాడు, “బండి నీ పేషెంట్ దగ్గరకి పోయినప్పుడు ఇల్లు కాలితే?” అని. సరైన ప్రశ్నే. అందుకే బండి పంపొద్దు. ఇద్దరు మనుషులు, ఒక బైక్, వెనకాల ఒక సంచీ.