కొలతకు నోచుకోని తీరం

సముద్రతీరం ఒక గీత కాదు. పాఠశాల అట్లాసులో నీలిరంగుకూ ఆకుపచ్చ రంగుకూ నడుమ సాగే సన్నని గీతను చూసినవారికి భూమి అక్కడ ముగిసిందనీ, సముద్రం అక్కడ మొదలైందనీ అనిపించడం సహజం. నిజానికి అక్కడ ముగిసేది ఏదీ లేదు. నేల తన వాలును వదలకుండా నీటి అడుగుకు సాగిపోతుంది. ఇసుకమేటలు, బురదనేలలు, పగడపు దిబ్బలు ఆ వాలు మీదనే ఏర్పడతాయి. అల విరిగేది అక్కడే. చేప గుడ్లు పెట్టేది అక్కడే. పడవ తలకిందులయ్యేదీ, ఉప్పెన బలం పుంజుకొనేదీ అక్కడే. తీరవాసి బ్రతుకును శాసించే ఈ ప్రదేశం మాత్రం చాలా దేశాల పటాలలో ఎంతోకాలం ఖాళీగానే మిగిలిపోయింది.

ఈ ఖాళీకి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు. భూమిని కొలిచేవారు నీటి అంచుదాకా వచ్చి ఆగిపోతారు. సముద్రాన్ని కొలిచే నౌక ఒడ్డుకు దూరంగానే ఆగిపోతుంది. లోతు తెలియని నీటిలోకి, విరిగే అలల మధ్యకు, రాళ్ల మీదకు నౌకను నడిపించడం నావికునికి ప్రాణాంతకం. పైగా నౌక నుంచి ధ్వనితరంగాలను పంపి లోతు కొలిచే పద్ధతిలో, నీరు పలచబడేకొద్దీ ఒక్కసారికి కొలవగలిగే పట్టీ వెడల్పు కూడా తగ్గిపోతుంది. నడిసంద్రంలో ఒక్క ప్రయాణంలో తేలే పని ఒడ్డు దగ్గర ఎన్నో ప్రయాణాలకు గాని తేలదు.

మరొక చిక్కు కూడా ఉన్నది. భూపటాలు సగటు సముద్రమట్టాన్ని సున్నాగా భావించి నేల ఎత్తును లెక్కిస్తాయి. నౌకాపటాలు, ఆటు సమయంలో నీరు బాగా దిగిపోయినప్పటి మట్టాన్ని సున్నాగా భావించి లోతును లెక్కిస్తాయి. ఒకే తీరానికి రెండు సున్నాలు! ఈ రెండు పటాలను పక్కపక్కన పెట్టినంత మాత్రాన అతుకు కుదరదు. పోటు ఎంత పెరిగితే నీరు ఏ వీధిదాకా వస్తుందన్న ప్రశ్నకు ఆ రెండింటిలో ఏదీ ఒంటరిగా జవాబు చెప్పలేదు.

పూర్వం నావికులు సీసపు గుండు కట్టిన తాడును నీటిలోకి వదలి లోతు తెలుసుకొనేవారు. గుండు పడినచోట లోతు తెలుస్తుంది. దాని పక్కన ఏమున్నదో తెలియదు. 1770 జూన్ 11వ తేదీ రాత్రి కెప్టెన్ జేమ్స్ కుక్ నడుపుతున్న ఎండెవర్ నౌక ఆస్ట్రేలియా తూర్పుతీరాన మహా పగడపు దిబ్బల మధ్య చిక్కుకొన్నది. అంతకు కొద్ది నిమిషాల ముందు వేసిన గుండు తగినంత లోతు ఉన్నదనే చూపింది. మళ్లీ గుండు వేసేలోపే నౌక దిబ్బనెక్కింది. ఒక్కొక్క బిందువును కొలిచే పద్ధతికి ఉన్న పరిమితిని ఈ సంఘటన కళ్లకు కడుతుంది. సముద్రపు అడుగును తెలుసుకోవాలంటే చుక్కలు చాలవు. దాని రూపమంతా కావాలి.

ఆ రూపాన్ని చూపే శక్తి కాంతికి ఉన్నది. విమానం సాధారణంగా 300 నుంచి 600 మీటర్ల ఎత్తున ఎగురుతూ లేజర్ కాంతిని సూక్ష్మమైన స్పందనలుగా కిందికి పంపుతుంది. పరారుణ కాంతి నీటి ఉపరితలాన్ని తాకి వెనుదిరుగుతుంది. అది నీటిలోపలికి చొరబడలేదు. ఆకుపచ్చ కాంతి మాత్రం నీటిని చీల్చుకొని అడుగును తాకి, క్షీణించిన వెలుగుగా తిరిగి వస్తుంది. ఈ రెండు ప్రతిఫలనాల మధ్య కాలవ్యవధిని బట్టి లోతును గణిస్తారు. శూన్యంలో సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు ప్రయాణించే కాంతి, నీటిలో దాదాపు 2 లక్షల 25 వేల కిలోమీటర్ల వేగానికి తగ్గుతుంది. కాబట్టి ఒక మీటరు లోతుకు వెళ్లి తిరిగి రావడానికి దానికి పట్టే కాలం సెకనులో వందకోట్లవ వంతులు సుమారు 9 మాత్రమే. రెప్పపాటు అన్న మాట కూడా ఇక్కడ చాలా పెద్దదే. ఉపగ్రహాల సాయంతో విమానం ఉన్న స్థానాన్ని, లోపలి పరికరాలతో దాని వంపును ప్రతిక్షణం గుర్తిస్తూ, అది నేలనూ నీటి అడుగునూ ఒకే సున్నాకు ముడిపెట్టి కొలుస్తుంది. రెండు పటాల మధ్య తరతరాలుగా ఉన్న అతుకు ఇక్కడ కలుస్తుంది.

ఈ విద్య నిన్నటిది కాదు. విమానం నుంచి లేజర్‌తో తీరజలాల లోతు కొలవవచ్చునని అమెరికా పరిశోధకులు 1969లోనే చూపారు. ఆస్ట్రేలియా నౌకాదళం 1993 నుంచి ఇటువంటి విమానాన్ని వినియోగించి పగడపు దిబ్బల ప్రాంతాన్ని కొలిచింది. ఎండెవర్ చిక్కుకొన్న తీరానికి రెండు శతాబ్దాల తరువాత ఆకాశం నుంచి పటం సిద్ధమైంది. అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం 1994లో తన సర్వేను ప్రారంభించింది. నాడు సెకనుకు 200 స్పందనలు పంపిన పరికరం స్థానంలో, 2012 నాటికి 10 వేల స్పందనలు పంపే పరికరం వచ్చింది. ఇసుక ఎక్కడ కోతకు గురవుతున్నదో, రేవు మార్గం ఎక్కడ పూడుతున్నదో ఆ దేశాలు అప్పటినుంచి తెలుసుకొంటూనే ఉన్నాయి.

మరి, సముద్రం వల్ల అందరికంటే ఎక్కువ భయం ఉన్నవారి మాటేమిటి? పసిఫిక్ మహాసముద్రంలో హవాయి దీవులకూ ఆస్ట్రేలియాకూ నడుమ టువాలు అనే దేశం ఉన్నది. తొమ్మిది పగడపు దీవుల ఆ దేశపు మొత్తం నేల సుమారు 26 చదరపు కిలోమీటర్లు. జనాభా పది వేల చిల్లర. అక్కడి అత్యున్నత ప్రదేశం కూడా సముద్రమట్టానికి ఐదు మీటర్లకు మించదు. కొన్నిచోట్ల ఒకపక్క మహాసముద్రం, మరొకపక్క మడుగు, నడుమ ఒక రోడ్డు, దాని అంచున ఇళ్లు ఉంటాయి. 2015 మార్చిలో పామ్ తుపాను రేపిన అలలు ఆ దీవులను ముంచెత్తాయి. అంతటి ప్రమాదపుటంచున ఉన్న దేశానికి, తన నేల ఎత్తుకూ సముద్రమట్టానికీ ఉన్న సంబంధాన్ని దేశమంతటికీ వర్తించేలా చూపే వివరమైన కొలత లేదు. ఆ లోటు తీరింది 2019లో. హరిత వాతావరణ నిధి ఆర్థిక సాయంతో, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో తొమ్మిది దీవుల మీదుగా లేజర్ విమానం ఎగిరింది. నేల, దిబ్బ, మడుగు అడుగు ఒకే పటంలోకి వచ్చాయి.

ఆ పటం బీరువాలో పడి ఉండలేదు. ఏ అల ఎంత ఎత్తున వస్తే ఏ ఇల్లు మునుగుతుందో లెక్కించే వీలు కలిగింది. తీరరక్షణ పనులకు అటువంటి లెక్కలే పునాది. 2023లో రాజధాని ఫునాఫుటిలో మడుగు ఇసుకను తోడి, సుమారు 780 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు గల ఎత్తైన కొత్త నేలను సిద్ధం చేశారు. 2100 తరువాత కూడా అది సముద్రమట్టానికి పైనే ఉండేలా రూపొందించారు. అడుగు ఎంత లోతున్నదో తెలియకుండా ఎంత ఇసుక కావాలో ఎవరు చెప్పగలరు? గోడ ఎంత ఎత్తు కట్టాలో దేనిని బట్టి నిర్ణయిస్తారు?

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటున్నది. భూగోళాన్ని వేడెక్కించిన పొగలో టువాలు వాటా లెక్కకు రానంత స్వల్పం. సముద్రం పెరిగినప్పుడు ముందుగా మునిగే నేల మాత్రం దానిదే. ఐనా సంపన్న దేశాల తీరాలు 1990వ దశకంలోనే పటాలకెక్కగా, ఆ చిన్నదేశపు వంతు రావడానికి మరో పాతికేళ్లు పట్టింది. అపాయం ముందు వరుసలో నిలిచినవాడు కొలతలో చివరి వరుసలో నిలవడం న్యాయమా? ఆహారం, ఔషధం, విద్య అందరికీ అందాలని కోరే లోకం, తన కాలికింది నేల ఎంత ఎత్తున ఉన్నదో తెలుసుకొనే హక్కును కూడా ఆ వరుసలో చేర్చాలి. కొలత కేవలం శాస్త్రజ్ఞుల వ్యవహారం కాదు. అది న్యాయంలో ఒక భాగం.

ఈ వాదానికి అభ్యంతరాలు లేకపోలేదు. విమాన సర్వే ఖరీదైన పని అని కొందరంటారు. నిజమే, కాని తప్పుడు చోట కట్టిన గోడ, మునిగే చోట కట్టిన ఆసుపత్రి అంతకంటే ఖరీదైనవి. ఉపగ్రహాలు ఉండగా విమానాలెందుకని మరికొందరంటారు. 2018లో ప్రయోగించిన ఐస్‌శాట్-2 ఉపగ్రహం కూడా ఆకుపచ్చ లేజర్‌తో, తేటనీటిలో దాదాపు 40 మీటర్ల లోతును చూడగలిగింది. ఐతే అది తన దారి వెంట కొన్ని గీతలను మాత్రమే కొలుస్తుంది. గీతకూ గీతకూ మధ్య ఉన్న పల్లె దానికి కనిపించదు. అన్నిటికంటే బలమైన అభ్యంతరం నీటి స్వభావానిది. నీరు తేటగా ఉంటే విమాన లేజర్ సుమారు 50 మీటర్ల దాకా చూస్తుంది. నీరు బురదైతే కొద్ది మీటర్లలోనే దాని చూపు ఆగిపోతుంది.

తెలుగు తీరానికి ఈ చివరి మాట ప్రత్యేకంగా వర్తిస్తుంది. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు డెల్టాకు అన్నం పెట్టింది. ఆ ఒండ్రే తీరజలాన్ని కాంతికి అడ్డుతెరగా మార్చింది. అటువంటి చోట నేలను విమానం కొలవాలి, నీటిని తక్కువ లోతులో తిరగగల చిన్న పడవలు ధ్వనితో కొలవాలి, రెండింటినీ ఒకే సున్నాకు తేవాలి. ఒక పరికరం చాలలేదని పనినే మానుకోవడం వివేకం కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. తుపాను గాలి నెట్టుకొచ్చిన నీరు, వాలు తక్కువైన లోతులేని సముద్రంలో పక్కకు పోయే దారిలేక పైకి లేస్తుంది. అందువల్ల ఉప్పెన ఎత్తును ముందుగా అంచనా కట్టాలంటే గాలివేగం తెలిస్తే చాలదు. ఒడ్డు దగ్గరి అడుగు కూడా తెలియాలి.

2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ పాఠాన్ని మరోసారి చెప్పింది. ఆ తరువాత 2007 అక్టోబరులో హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రంలో సునామీ హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. తీరపు నేల ఎత్తులను తెలుసుకోవడానికి విమాన లేజర్ సర్వేల వివరాలను కూడా ఆ కేంద్రం వినియోగించింది. సముద్రానికి దూరంగా ఉన్న నగరంలో కూర్చొని, ఏ ఊరిదాకా నీరు రాగలదో చెప్పగలగడం సామాన్య విషయం కాదు. కాని ఆ మాటకు ఉన్న విలువ అంతా దాని వెనుక ఉన్న కొలతల విలువే. చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్లు, విపత్తు తరువాత సర్వేకు పూనుకొనే అలవాటు పోవాలి. తీరం నిలకడలేనిది కనుక ఒక్కసారి కొలిచి ఊరుకొంటే కూడా చాలదు. తుపాను తరువాత ఇసుక కదులుతుంది, నది నోరు మారుతుంది; నిన్నటి పటం నేటికి అబద్ధం చెబుతుంది. కొలత పంటలాగా పదేపదే వేయవలసిందే.

అంతకంటే ముఖ్యమైనది, కొలిచిన విషయం ఎవరికి చేరుతున్నదన్నది. కోట్ల సంఖ్యలో బిందువులు కంప్యూటర్లలో ఉండి, జాలరిపల్లెలోని తల్లికి తుపాను రాత్రి ఎటు నడవాలో తెలియకపోతే ఆ పటం అసంపూర్ణమే. పటంలో మునిగే ప్రాంతంగా గుర్తించిన స్థలం నుంచి పేదలను తరిమి, దానినే మరొకరికి కట్టబెట్టడానికి ఆ పటాన్ని సాధనంగా వాడితే అది అన్యాయం. తీరవాసుల భాషలో, వారి బడిలో, వారి పంచాయతీలో ఆ పటం ఉండాలి. ఏ అలకు ఏ ఇసుకతిన్నె అడ్డుపడుతుందో తరతరాలుగా ఎరిగినవారి అనుభవానికి కూడా అందులో చోటుండాలి.

2022లో టువాలు ప్రభుత్వం ఒక విషాదకరమైన నిర్ణయాన్ని లోకానికి తెలిపింది. నేల మునిగిపోయినా జాతి మిగలాలన్న తలంపుతో దేశపు ప్రతిరూపాన్ని కంప్యూటర్లలో భద్రపరచదలచామని ప్రకటించింది. మరుసటి ఏడాదికల్లా చిన్నా పెద్దా 124 దీవులూ లేజర్ కొలతలతో త్రిమితీయ రూపంలో నమోదయ్యాయని వెల్లడించింది. దిబ్బల మీద గోడలు కట్టడానికి తోడ్పడిన విద్యే, లేకుండా పోయే దేశానికి ఛాయాచిత్రం తీయడానికి కూడా తోడ్పడింది. ఒకే కాంతి, రెండు ప్రయోజనాలు. వాటిలో ఏది నెరవేరుతుందన్నది ఆ కాంతి చేతిలో లేదు. పొగను తగ్గించవలసిన దేశాల చేతిలో, నిధులివ్వవలసిన సంస్థల చేతిలో, సకాలంలో నిర్ణయం తీసుకోవలసిన ప్రభుత్వాల చేతిలో ఉన్నది. తీరాన్ని కొలవడం దానిని కాపాడుకోవడానికే కావాలి. పోగొట్టుకొన్నాక గుర్తుచేసుకోవడానికి కాదు.