సంతకం పెడితే ఊరు పోతుందా?

పోయిన నెల ఊరి నుంచి మా చిన్నతాత మనుమడు ఫోన్ చేసిండు. "అన్నా, పాత ఇంటి ఎనక గోడ కూలింది. జాగ నా పేరు మీద ఉంటే ఇందిరమ్మ ఇల్లుకు పెట్టుకుంట. మీ దిక్కు వాళ్లందరు సంతకాలు పెట్టాలె" అన్నడు. సొంత జాగ ఉన్న పేదోళ్లకు ఇల్లు కట్టుకోవడానికి తెలంగాణ సర్కారు 5 లక్షలు ఇస్తున్నది. జాగ మాత్రం ఇప్పటికీ ఇద్దరు తాతల ఉమ్మడిదే. మా తాత వైపు వారసులం సోలాపూర్, పుణె, భివండి కలిపి పదకొండు మందిమి.

ఆ రోజు మొదలైన మాటలు ఇంకా తెగలేదు. "సంతకం పెట్టినమంటే మనకు ఊరు లేనట్టే" అని మా పెద్దనాయిన. పుణెలో ఉన్న మా మేనల్లుడేమో ఆ జాగకు గజం ఎంత పలుకుతదో ఆరా తీసిండు. నాకు ఇద్దరి మాటా సరిగ్గా అనిపించలేదు. సోలాపూర్ పూర్వభాగంలోని మన తెలుగు ఇళ్లల్లో చాలా మందికి ఇలాంటి ఫోన్ వచ్చే ఉంటది, లేకుంటే రేపు వస్తది. అందుకే ఇది రాస్తున్న.

సంతకం పెట్టాలె, పైసా అడగకుండా పెట్టాలె అని నేనంట.

మా తాత మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన నాటికి మన ఊరు నిజాం రాజ్యం, సోలాపూర్ బొంబాయి ఇలాకా. తర్వాత ఊరు ఉన్నచోటే ఉండి హైదరాబాద్ రాష్ట్రంల, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్‌ల, 2014 నుంచి తెలంగాణల ఉన్నది. 2016ల జిల్లా పేరు కూడా మారింది. ఎవరైనా అడిగితే మేం ఇంకా "నల్గొండ జిల్లా" అనే చెప్తం. అది యాదాద్రి భువనగిరి అయిందని మాకు తెలిసిందే ఓ పెండ్లి పత్రిక చూసి. అంత ఎరుక మాది! పెద్దనాయినకు 82 ఏండ్లు, పుట్టింది సోలాపూర్‌లనే. ఆ ఊర్ల వరుసగా నెల రోజులు ఉన్నది లేదు.

మరి ఆ ఇంటికి మేం చేసిందేంది? ఇంటి పన్ను కట్టింది వాళ్లు. వానకాలం ముందు పెంకలు సర్దించింది వాళ్లు. మేం పెండ్లిళ్లకు, ఒక చావుకు పోయినం, దర్వాజ ముందట నిలబడి ఫోటోలు దిగి వచ్చినం. ఆ ఇల్లు మేం చూసి మురిసిపోవడానికి అట్లనే ఉండాలంటే, కారే కప్పు కింద పండుకునేది ఎవరు?

ఓ మాట ఒప్పుకోవాలె. పదేండ్ల కింద పోయినప్పుడు నడిమి అర్రల మగ్గం గుంత పూడ్చి మంచం వేసి ఉన్నది. నాకు మస్తు కోపం వచ్చింది. తాత కాళ్లు పెట్టి తొక్కిన గుంత అది అని దారి పొడుగునా గొణిగిన. ఇంటికి వచ్చినంక మా అమ్మ నెమ్మదిగా అన్నది: "మరి మీ తాత ఇక్కడ నేసిన మగ్గం ఏమైంది బిడ్డా?" పవర్‌లూమ్ కారఖానాల పనికి పోయినంక ఆ మగ్గం కట్టెలను మేమే నీళ్ల పొయ్యిల పెట్టినం.

తెగుతున్న తాడు వేరే దగ్గర ఉన్నదని నా అనుమానం. ఊర్ల ఉన్న పోరలు, మా పోరలు కలిస్తే హిందీల మాట్లాడుకుంటరు. ఊరి నుంచి వాట్సాప్‌ల తెలుగు మెసేజ్ వస్తే నా బిడ్డ ఫోన్ నాకిచ్చి చదవమంటది. మరాఠీ గడగడా చదువుతది, తెలుగు అక్షరం రాదు. ఇంట్ల నేర్పని తప్పు నాదే. నారళీ పున్నమ నాడు మార్కండేయ రథం ముందట మాత్రం తెలుగోళ్లమని గట్టిగనే అరుస్తం. జాగల వాటా ఉన్నదన్న ధైర్యంతోనే ఈ పని వాయిదా వేస్తున్నమా అనిపిస్తది.

ఒక్క కోరిక ఉన్నది. కొత్త ఇంటికి ఆ పాత దర్వాజనే పెట్టుమని తమ్ముణ్ణి అడుగుత. టేకుది, బరువుది; కొత్త గోడకు సరిపోతదో లేదో. అడిగే హక్కు నాకు ఉన్నదో లేదో కూడా తెల్వదు. అయినా అడుగుత. కుదరదంటే కుదరదు.

పున్నమ అయిన తెల్లారి బయలుదేరుతున్న. హైదరాబాద్ దాకా 300 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఇంకో బస్సు. బిడ్డను తీసుకపోతున్న, రెండు రోజులు ఆ ఇంట్లనే ఉంటం, కూలిన గోడ పక్కనే. మిగిలిన వాళ్లు ఆధార్, ఫోటోలు తయారుగ పెట్టుకోండి. పెద్దనాయిన ఇంకా సరే అనలేదు. నిన్న మాత్రం బస్సు ఎన్ని గంటలకని అడిగిండు.