బిడ్డ కోసం కోర్టుకెక్కిన తల్లి: ఖర్చు ఎవరు భరించాలి?

సొలొమోను రాజు ముందు బిడ్డ కోసం వాదులాడిన ఇద్దరు స్త్రీలకు వకీళ్లు లేరు, ఫీజుల బాధ లేదు. నేడు మైపాడు నుండో, ఇస్కపల్లి నుండో బస్సెక్కి నెల్లూరు కోర్టుకు వచ్చే మన సహోదరి పరిస్థితి వేరు. ప్రతి వాయిదాకూ ఆ రోజు కూలి పోతుంది. బస్సు ఛార్జీలు, వకీలు ఫీజు అదనం. అవతలివైపు డబ్బుంటే కేసు ఏళ్ల తరబడి సాగుతుంది. చివరికి ఆమె అలసిపోయి రావడం మానేస్తుంది.

చట్టం ఈ కష్టాన్ని గుర్తించింది. క్రైస్తవ దంపతులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టం 36వ సెక్షన్ ప్రకారం, కేసు ఎవరు వేసినా సరే, అది నడిచినంత కాలం భార్య భరణంతో పాటు కోర్టు ఖర్చులు కూడా భర్త నుండి అడగవచ్చు. ఆ భరణం భర్త ఆదాయంలో ఐదో వంతు మించరాదన్న పాత పరిమితిని 2001 సవరణ తొలగించింది. భర్తకు నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంత వరకు, ఆ పిటిషన్ తేల్చాలని కూడా చెప్పింది. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపాలని 2020 నవంబరు 4న రజనీష్–నేహా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇక్కడొక చిక్కుంది. విడాకుల కేసు లేకుండా బిడ్డ కోసం మాత్రమే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేస్తే 36వ సెక్షన్ వర్తించదు. అప్పుడు ఆదుకునేది 1987 నాటి న్యాయసేవల చట్టం. దాని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. నెల్లూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగాలి, లేదా 15100కు ఫోన్ చేయాలి. ఈ సంగతి తెలియక పుస్తెలు తాకట్టు పెట్టేవారు మన సంఘాల్లోనే ఉన్నారు.

విశ్వాసులు కోర్టుకెక్కరాదని కొరింథీ పత్రిక 6వ అధ్యాయం చూపి ఆమెను ఆపేవారున్నారు. జ్ఞానముగలవారు సంఘంలోనే తగవు తీర్చాలని పౌలు కోరిన మాట నిజమే. మరి మన పెద్దలు పక్షపాతం లేకుండా ఆ పని చేశారా? చేయకపోతే ఆమె దారికి అడ్డు నిలవకూడదు. లూకా 18లో మాటిమాటికీ న్యాయాధిపతి దగ్గరకు వెళ్లిన విధవరాలిని ప్రభువు తప్పుపట్టలేదు.

సొలొమోను ముందు నిజమైన తల్లి బిడ్డ బతికితే చాలని వదులుకోవడానికి సిద్ధపడింది. ఆ వదులుకోవడంలోని ప్రేమను రాజు గుర్తించాడు. నేడు డబ్బులేక వదులుకున్న తల్లి కోర్టు కాగితాల్లో గైర్హాజరుగానే మిగులుతుంది. ప్రియులారా, ఖర్చుల పిటిషన్ మొదట్లోనే వేయమని ఆమెకు చెప్పండి. వచ్చే వాయిదాకు సంఘం నుండి ఒకరు ఆమెతో బస్సెక్కండి.