రీయూనియన్ డోలు, యానాం డప్పు

యానాం పిల్లలకు సంగీతము నేర్పింపవలెనన్న ఆలోచన కలిగినప్పుడెల్ల మన పెద్దల చూపు వీణ, వయొలిన్, మృదంగముల వఱకే పోవుచున్నది. అవి తగినవే. కాని మన యూరి చరిత్రకు సంబంధించిన వాద్యములు మఱికొన్ని హిందూ మహాసముద్రమున కావల నున్నవి. వాని ఊసు మనకు పట్టకపోవుట వింత.

1828లో 15 మంది తెలుగు కూలీలను చెఱకు తోటల పనికై యానాం నుండి నేటి రీయూనియన్ దీవికి ఓడ నెక్కించిరి. ఒడంబడికపై ఆ దీవికి వెళ్ళిన భారతీయ కూలీలలో వారే మొదటివారు. ఆఫ్రికా నుండియు మడగాస్కరు నుండియు తెచ్చిన బానిసలు అప్పటికే ఆ తోటలలో నుండిరి. బానిసత్వము 1848 డిసెంబరు 20న గాని తొలగలేదు. ఆ బానిసల పాటయే మలోయా. ఒకరు పాడగా పదుగురు వంత పాడుదురు. రానురాను కూలీల సంతతియు దానిని తమదిగా జేసికొనిరి. చాలకాలము అధికారుల కన్నెఱ్ఱకు గుఱియై, 1981 తరువాతనే అది తలయెత్తుకొన్నది. 2009లో యునెస్కో పట్టిక కెక్కినది.

దాని వాద్యములు చూడుడు. రులేర్ అనునది పీపాకు పశువు చర్మము బిగించిన పెద్ద డోలు. దానిపై చెఱియొక ప్రక్కకు కాళ్ళు వేసి కూర్చుండి చేతులతో వాయింతురు. కయాంబ్ చెఱకు పూకాడలతో కట్టిన పలుచని పెట్టె. లోపల గింజలు పోసి రెండు చేతులతో నూపుదురు. ఏ చెఱకు నఱికి వారి నడుములు పడిపోయెనో ఆ చెఱకే వాద్యమైనది. పెరూ దేశపు నల్లజాతివారును సరకుల పెట్టెనే కహోన్ అను వాద్యముగా మార్చుకొని, దానిమీదనే కూర్చుండి వాయించిరి; 2001లో ఆ దేశము దానిని జాతీయ వారసత్వముగా ప్రకటించినది.

ఇక లయ. మలోయాది ఆరు మాత్రల నడక. తకిట తకిట అని రెండుగా సాగుచుండగనే తక తక తక అని మూడుగా పైన పడుచుండును. రెంటిని ఒక్కమాఱు వినగలుగుటయే విద్య. తిశ్రగతి చేతిలో నున్న మన డప్పు వాద్యకారునకు ఇది కొఱుకుడుపడనిది కాదు. కష్టమంతయు కయాంబ్‌లో నున్నది: ఆపక యూపుచునే బరువెక్కడ వేయవలెనో మణికట్టు తెలిసికొనవలెను. పుస్తకము చూచిన నది రాదు.

మన సంగీతమునకే దిక్కు లేకుండగా పరదేశపు డోలు ఎందులకని అడుగువారు కలరు. ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. సంఘముల చేతిలో సొమ్ము స్వల్పము. అయినను పండుగకు డప్పు కావలెను గాని డప్పు పట్టినవానికి అరుగుమీద చోటు లేదనుచు వచ్చిన మనము, నాడు ఓడ నెక్కినవారు ఎట్టివారో కొంచెము యోచింపవలదా? వారు వీణలు గొనిపోయిన వారని నే ననుకొనను.

కావున వేసవి సెలవులలో మొదట డప్పే నేర్పింపవలెను. ఊరి డప్పు వాద్యకారునే గురువుగా పిలిచి, మృదంగము చెప్పువారి కిచ్చు వేతనమే అతనికి నీయవలెను; ఇందులో బేరము కూడదు. పిదప వీలుచూచి రీయూనియన్ వాద్యకారు నొకనిని కొన్ని వారములకు రప్పింపవచ్చును. కయాంబ్‌ను విదేశము నుండి తెప్పింప నక్కఱలేదు. గోదావరి సీమకు చెఱకు క్రొత్త కాదు. లోపల పోయుటకు మన గింజలలో నేవి బాగుగా మ్రోగునో పిల్లలే తేల్చుదురు.