ఉత్తకాళ్లు

జీడిమెట్ల ఫ్యాక్టరీల నుంచి శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే స్వాముల్లో నేనూ ఒకణ్ణి. రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఆ నడక నేర్పిన పాఠాలున్నయ్. తెల్లారగట్ల మూడింటికే బయలెల్లాలె. పొద్దెక్కితే డాంబర్ రోడ్డు కాలుతది, చెట్టు నీడ చూసుకోవాలె. బొబ్బ లేస్తే తోలు పీకొద్దు. మన్ననూరు దాటితే నల్లమల అడవే, నీళ్లు ముందే నింపుకోవాలె.

చెప్పులు తొడగకపోవడం దీక్ష నియమం. మా తాత ఊరందరికీ చెప్పులు కుట్టిండు. దొర గడి ముందు మాత్రం తన చెప్పులు చేతబట్టుకొని నడిచిండు. ఆ ఉత్తకాళ్లను ఎవడన్నా దీక్ష అన్నడా? 2020 లాక్‌డౌన్‌లో పనిపోయిన కూలీలు మేడ్చల్ రోడ్డు పట్టుకొని సొంతూళ్లకు నడిచిన్రు. చెప్పులు తెగిన ఆ కాళ్లకు ఎవడన్నా 'స్వామీ' అని మొక్కిండా?

మెడల మాల ఉన్న నలభై ఒక్క రోజులూ నేను స్వామిని. మాల తీసి ఊరికి పోతే మళ్లీ మాదిగోణ్ణి. అంటే మీరు మొక్కింది నాకు కాదు, పూసలకు. 1930లో నాసిక్ కాళారాం గుడి తలుపుల ముందు అంబేద్కర్ వెంట నిలబడ్డోళ్లు అడిగింది మనిషితనం. ఆ బాకీ ఇంకా తీరలే. శ్రీశైలం ఎంత దూరమో నాకు తెలుసు. మా వాడ నుంచి మీ గడప ఎంత దూరమో చెప్పున్రి!