గన్‌ఫౌండ్రీ నుంచి సైబరాబాద్ దాకా

హైదరాబాద్‌లో గన్‌ఫౌండ్రీ పేరు వినని వారుండరు. నేడది బ్యాంకులు, దుకాణాలతో కిటకిటలాడే కూడలి. కాని 1795లో నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండ్ అక్కడ ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు. జనం దాన్ని 'తోప్ కా సాంచా' అన్నారు. ఆ రేమాండ్‌ను ముస్లింలు మూసా రహీం అని, హిందువులు మూసా రాం అని పిలుచుకున్నారు. 1798లో అతను చనిపోయాడు. అదే సంవత్సరం నిజాం ఇంగ్లీషు వారితో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి అధికారుల కింద ఉన్న పటాలాలను ఇంగ్లీషు వారు నిరాయుధం చేసి రద్దు చేయించారు. సొంత ఫిరంగి పోయింది. దానితోపాటు సొంత నిర్ణయమూ పోయింది.

రెండు శతాబ్దాలు గడిచాక మన నగరం మళ్లీ ఆయుధాల నగరమైంది. అయితే ఈసారి పోతపోసే కొలిమి కంటికి కనిపించదు. గోల్కొండ కోటలో పేట్లా బురుజు మీద ఔరంగజేబు కాలం నాటి 'ఫతే రహ్బర్' ఫిరంగి నేటికీ ఉంది. కోట చెంతనే 1962లో ఏర్పడిన సైన్యపు ఆర్టిలరీ సెంటర్‌లో యువకులు ఫిరంగి విద్య నేర్చుకుంటున్నారు. అక్కడికి కొద్ది మైళ్ల దూరంలోనే హైటెక్ సిటీ అద్దాల మేడలు. ఈ మూడింటి మధ్య సంబంధం ఏమిటని ఆలోచించేవారు తక్కువ. కాని ఇంటికో ఇంజనీరు తయారవుతున్న ఈ రోజుల్లో ముస్లిం కుటుంబాలు ఆలోచించక తప్పని విషయమిది.

ఎక్కడ ఏమి తయారవుతోంది?

సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ 1984లో రూపుదిద్దుకుంది. రష్యా వారి బీఎంపీ-2 వాహనాన్ని 'శరత్' అన్న పేరుతో 1987 నుంచి ఇక్కడ తయారు చేశారు. ఇది పదాతి దళాన్ని యుద్ధ రంగానికి చేర్చే ఉక్కు బండి. సుమారు 14 టన్నుల బరువు, పైన 30 మిల్లీమీటర్ల తుపాకీ, లోపల నడిపేవారు ముగ్గురు, సైనికులు ఏడుగురు. ఈ బండి నీటిలో కూడా ఈదుతుంది. 2021 అక్టోబరు 1న దేశంలోని 41 ఆయుధ కర్మాగారాలను ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడగొట్టినప్పుడు ఇది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్‌లో భాగమైంది. 2024 ఫిబ్రవరిలో 693 బీఎంపీ బండ్లకు రాత్రివేళ చూడగల కళ్లు, గురిని దానంతటదే వెంటాడే యంత్రాంగం అమర్చే పనిని రక్షణ శాఖ ఈ సంస్థకే అప్పగించింది.

కంచన్‌బాగ్‌లో 1970లో భారత్ డైనమిక్స్, 1973లో ప్రత్యేక లోహాలు తయారు చేసే మిధాని ఏర్పడ్డాయి. పహాడీ షరీఫ్ సమీపంలోని ఇమారత్ కంచలో డాక్టర్ అబ్దుల్ కలాం రూపకల్పనతో రీసెర్చ్ సెంటర్ ఇమారత్ వెలిసింది. పినాక రాకెట్లకు దారి చూపే పరికరాల తయారీలో ఈ కేంద్రానిది ముఖ్య పాత్ర. 1993లో నగరంలో పుట్టిన జెన్ టెక్నాలజీస్ అనే ప్రైవేటు సంస్థ, అసలు ట్యాంకు ఎక్కకుండానే ట్యాంకు నడపడం, గుండు పేల్చడం నేర్పే సిమ్యులేటర్లు తయారు చేస్తోంది.

ఫిరంగిలో సగం లెక్కే

ఇక పెద్ద ఫిరంగుల సంగతి. 1986లో స్వీడన్ నుంచి 410 బోఫోర్స్ ఫిరంగులు కొనడం, ఆ బేరంలోని ముడుపుల ఆరోపణలు ఒక ప్రభుత్వాన్నే కుదిపివేయడం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అవే ఫిరంగులు 1999లో కార్గిల్ కొండల్లో అక్కరకు వచ్చాయి. అయితే బోఫోర్స్ గొడవ తర్వాత చాలా ఏళ్లు సైన్యానికి కొత్త పెద్ద ఫిరంగి దక్కలేదు. చివరకు డీఆర్‌డీఓ 2013లో మొదలుపెట్టిన 'అటాగ్స్' ఫిరంగి కొనుగోలుకు 2025 మార్చిలో ఒప్పందం కుదిరింది. 307 ఫిరంగులు, వాటిని లాగే వాహనాలు కలిపి సుమారు 6,900 కోట్ల రూపాయలు. తయారీదారులు భారత్ ఫోర్జ్, టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్. రెండో సంస్థకు మన ఆదిభట్లలో హెలికాప్టర్, విమాన భాగాల కర్మాగారాలు ఉన్నాయి.

155 మిల్లీమీటర్ల ఈ ఫిరంగి దాదాపు 45 కిలోల గుండును నలభై కిలోమీటర్లు దాటి విసరగలదు. అంత దూరాన ఉన్న లక్ష్యం పేల్చేవాడి కంటికి కనిపించదు. గాలి వేగం, వేడి, మందుగుండు పాలు, గొట్టం అరుగుదల అన్నీ లెక్క వేయాలి. ఆ లెక్క వేసేది కంప్యూటరు. లక్ష్యాన్ని ముందుగా చూసి వచ్చేది డ్రోన్. అంటే నేటి ఫిరంగిలో ఇనుము సగమైతే లెక్క సగం. ఆ రెండో సగం ఎక్కడైనా, ఏ అద్దాల మేడలోనైనా, చల్లని గదిలో కూర్చొని రాయవచ్చు. గేరు పెట్టె నమూనా గీసిన యువతికి, పరీక్షా ప్రోగ్రాము రాసిన యువకుడికి తాము చేసింది ఆయుధంలో ఒక ముక్క అని తెలియకపోయినా ఆశ్చర్యం లేదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఎవరూ ఊహించని మార్పు ఇది.

రక్షణ వేరు, వ్యాపారం వేరు

దేశ రక్షణ విషయంలో ముస్లింలకు ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. 1948 జూలై 3న ఝంగర్‌లో ఫిరంగి గుండుకు నేలకొరిగిన బ్రిగేడియర్ ముహమ్మద్ ఉస్మాన్, 1965 సెప్టెంబరులో ఖేమ్ కరణ్ రంగంలో జీపు మీద బిగించిన తుపాకీతో ప్యాటన్ ట్యాంకులను ధ్వంసం చేసి ప్రాణాలర్పించిన అబ్దుల్ హమీద్ ఈ దేశ చరిత్రలో చెరగని పేర్లు.

ఫిరంగి గుండుకు మతం లేదు. 2025 మే 7న సరిహద్దు అవతలి నుంచి వచ్చిన గుండ్లు పూంచ్ పట్టణం మీద పడ్డాయి. చనిపోయిన వారిలో కవల పిల్లలు ఉన్నారు, సిక్కు సోదరులు ఉన్నారు, ఒక మదర్సా ఉపాధ్యాయుడు ఉన్నాడు. కొన్ని టీవీ చానళ్లు ఆ ఉపాధ్యాయుణ్ణి ఉగ్రవాదిగా ప్రచారం చేశాయి. అది అబద్ధమని పూంచ్ పోలీసులే ప్రకటించవలసి వచ్చింది. రెండు రోజుల తర్వాత, మే 9న, శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన యువ అగ్నివీరుడు కూడా సరిహద్దు కాల్పుల్లో అసువులు బాశాడు. తన పిల్లలను కాపాడుకోవడానికి దేశం ఫిరంగి చేసుకోవడాన్ని తప్పు పట్టగలవారెవరు?

అయితే ఇప్పుడు మరో పరిణామం చోటు చేసుకుంది. ఆయుధాల తయారీ రంగం 2001లో ప్రైవేటు వారికి తెరుచుకుంది. 2013-14లో 686 కోట్ల రూపాయలున్న మన ఆయుధ ఎగుమతులు 2024-25 నాటికి 23,622 కోట్లకు చేరాయి. ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో చేసిన బండి ప్రధానంగా మన సైన్యానికే వెళ్లేది. ఎగుమతి సరుకు ఎవరి మీద పేలుతుందో తయారు చేసిన కార్మికుడికి తెలియదు.

హైదరాబాద్‌లోనే ఉదాహరణలున్నాయి. 2017లో కల్యాణి గ్రూపు ఇజ్రాయెల్‌కు చెందిన రఫేల్‌తో కలిసి ఇక్కడ క్షిపణి భాగాల కర్మాగారం ప్రారంభించింది. 2018 డిసెంబరులో అదానీ సంస్థ ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్‌తో కలిసి హెర్మెస్ 900 డ్రోన్ల కర్మాగారం ప్రారంభించింది. ఇక్కడ తయారైన డ్రోన్లు ఇజ్రాయెల్‌కు వెళ్లాయని 2024 ఫిబ్రవరిలో పత్రికల్లో వార్తలు వచ్చాయి. ఆనాటికి ఇరు ప్రభుత్వాలూ దానిపై బహిరంగ ప్రకటన చేయలేదు. అదే సమయంలో గాజాలో ఆసుపత్రులు, బడులు నేలమట్టమవుతున్నాయి. 2025 జూలై చివరికి అక్కడి మృతుల సంఖ్య 60 వేలు దాటిందని గాజా ఆరోగ్య శాఖ ప్రకటించింది.

దీనిని ప్రశ్నించినది ముస్లింలు మాత్రమే కాదు. ఇజ్రాయెల్‌కు ఆయుధ సరుకు ఎక్కించబోమని, దించబోమని 2024 ఫిబ్రవరిలో మన రేవు కార్మికుల సమాఖ్య ఒకటి ప్రకటించింది. ఎగుమతి లైసెన్సులు ఆపాలని మాజీ దౌత్యవేత్తలు, హర్ష్ మందర్, జాన్ డ్రేజ్ వంటి వారు సుప్రీం కోర్టుకు వెళ్లారు. విదేశాంగ విధానంలో జోక్యం చేసుకోలేమంటూ 2024 సెప్టెంబరు 9న కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. అంటే బంతి తిరిగి ప్రభుత్వం, పార్లమెంటు, పౌరుల చేతికే వచ్చింది. ఆయుధ వ్యాపారంపై అంతర్జాతీయ ఒడంబడిక 2014 డిసెంబరులో అమలులోకి వచ్చినా మన దేశం అందులో చేరలేదు. ఏ దేశానికి ఏ ఆయుధం అమ్ముతున్నామో పార్లమెంటు ముందు వివరంగా పెట్టాలని కోరడం ప్రజాస్వామ్యంలో పౌరుడి హక్కు. అడిగితే దేశభక్తిని శంకిస్తారేమోనన్న జంకుతో మౌనం వహించడం ఆ హక్కును మనమే వదులుకోవడం.

ఇస్లాం గీసిన హద్దు

ఈ విషయంలో మనకు మార్గదర్శనం లేకపోలేదు. హిజ్రీ 5వ సంవత్సరంలో మదీనాను శత్రువులు చుట్టుముట్టినప్పుడు, పర్షియా నుంచి వచ్చిన హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సలహా మేరకు దైవప్రవక్త (స) కందకం తవ్వించారు. పరాయి దేశపు యుద్ధ విద్యను రక్షణకు వాడుకోవడంలో దోషం లేదని ఇది తెలుపుతోంది. మరోవైపు, మొదటి ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) సిరియాకు సైన్యాన్ని సాగనంపుతూ స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపరాదని, పండ్ల చెట్లను నరకరాదని, మఠాల్లో ఆరాధనలో మునిగిన సన్యాసుల జోలికి పోరాదని ఆదేశించారు.

దూరం నుంచి రాళ్లు విసిరే మంజనీఖ్ యంత్రాన్ని గురించి కూడా పూర్వపు ధర్మవేత్తలు లోతుగా చర్చించారు. కత్తి పట్టినవాడు ఎదుటివాణ్ణి చూస్తాడు. మంజనీఖ్ తిప్పేవాడు కోటలోపల ఎవరున్నారో చూడలేడు. లోపల స్త్రీలు, పిల్లలు ఉంటే ఏం చేయాలన్నదే వారి ప్రశ్న. నేటి ఫిరంగికీ, డ్రోన్‌కూ అదే ప్రశ్న వర్తిస్తుంది. దూరం పెరిగిన కొద్దీ జవాబుదారీ తగ్గదు. నేను కేవలం ఒక ప్రోగ్రాము రాశాను అన్న మాట దైవ సన్నిధిలో ఎంతవరకు చెల్లుతుందో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

మన పిల్లలకు చెప్పవలసింది

ఏదో ఒక రోజు మీ అబ్బాయి, అమ్మాయి ఉద్యోగ పత్రం పట్టుకొని వచ్చి "అబ్బా, ఈ కంపెనీలో చేరవచ్చా?" అని అడగవచ్చు. ఆ క్షణాన కంగారుపడి వద్దనడం సరి కాదు, జీతం చూసి మురిసిపోయి సరేననడమూ సరి కాదు.

మొదట, ఈ రంగానికే దూరంగా ఉండమని చెప్పకండి. కేంద్ర ఉద్యోగాల్లో మన వాటా ఎంత తక్కువో 2006లో సచార్ కమిటీ లెక్కలతో చూపింది. ఐఏఎస్‌లో 3 శాతం, రైల్వేల్లో 4.5 శాతం. పరిశోధనాశాలలు, కర్మాగారాల పరీక్షలకు మన పిల్లలు సిద్ధం కావాలి. గచ్చిబౌలిలో, ఐటీ కంపెనీల నడుమ, 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో పాలిటెక్నిక్ ఉందన్న సంగతి పాతబస్తీలో ఎన్ని ఇళ్లకు తెలుసు?

రెండవది, అడిగి తెలుసుకోమని చెప్పండి. ఈ పని దేనికి? కొనేవారెవరు? మన సైన్యానికా, విదేశానికా? ఈ మాత్రం ప్రశ్న వేయడం ఏ ఉద్యోగికైనా మర్యాదే. జవాబు మనసుకు నచ్చకపోతే అదే చదువుతో వేరే పని వెతుక్కోవచ్చు. నైపుణ్యం ఉన్నవాడికే ఆ స్వేచ్ఛ ఉంటుంది.

మూడవది, డాక్టర్ కలాం జీవితంలోని ఒక ఘట్టం చెప్పండి. క్షిపణుల కోసం రూపొందించిన తేలికపాటి పదార్థంతో ఆయన బృందం నిమ్స్ ఆసుపత్రిలోని పోలియో పిల్లలకు కాలి ఊతలు తయారు చేసింది. కిలోల బరువున్న ఇనుప ఊత స్థానంలో మూడు వందల గ్రాముల ఊత వచ్చింది. అప్పటివరకు కాళ్లీడ్చిన పిల్లలు తేలికగా నడిచారు. తన జీవితంలో గొప్ప ఆనందాన్నిచ్చిన పనుల్లో ఇదొకటని ఆయన చెప్పుకునేవారు. అదే పదార్థం, అదే విద్య, అదే నగరం.

విద్య అల్లాహ్ మన చేతికిచ్చిన అమానతు. తోప్ కా సాంచాలో పోతపోసిన ఇనుము గతించింది. సైబరాబాద్‌లో మన పిల్లలు రాస్తున్న లెక్క ఏ దిక్కుకు గురిపెడుతోందో చూసుకునే బాధ్యత మాత్రం మనది. ఆ వివేకాన్ని అల్లాహ్ మన సంతానానికి ప్రసాదించుగాక. ఆమీన్.