పగ తీరితే వార్త ముగిసినట్టేనా?

1988 నాటి ‘అంతిమ తీర్పు’లో కృష్ణంరాజు పత్రికా విలేకరి. పెద్దల దుర్మార్గాన్ని బయటపెట్టబోయినందుకు చావుదెబ్బలు తిని, జైలుపాలై, అవిటివాడై తిరిగొస్తాడు. సొంత పత్రిక పెడతాడు. జైల్లో పరిచయమైన ఖైదీల చేత శత్రువులను చంపిస్తూ, ఆ హత్యల కబురు అందరికంటే ముందు తానే అచ్చేస్తాడు. మలయాళంలో మమ్ముట్టి చేసిన ‘న్యూఢిల్లీ’కి ఇది రీమేక్. రెండింటికీ దర్శకుడు జోషీయే.

చూసేవాడి కసి తీరుతుంది, నిజమే. కానీ నేరాన్ని రుజువు చేయాల్సిన కలం నేరం చేయించడానికి దిగాక, అది ఇక పత్రిక ఎలా అవుతుంది?

1986లో రమేశ్ శర్మ తీసిన ‘న్యూఢిల్లీ టైమ్స్’ చాలా నిజాయితీగా ముగుస్తుంది. ఒక రాజకీయ హత్య గుట్టు తవ్విన ఎడిటర్, తాను రాసిందంతా మరో నాయకుడి ఎత్తుగడకే పనికొచ్చిందని ఆఖర్న గ్రహిస్తాడు. పగా తీరదు, పండగా ఉండదు. ఆ పాత్రకు శశికపూర్ జాతీయ ఉత్తమ నటుడయ్యారు.

పగ తీర్చుకోవడానికీ నిజం తేల్చడానికీ ఉన్న ఈ తేడా పార్వతీపురం మన్యం జిల్లాలోని గుమ్మలక్ష్మీపురం కొండలకు బాగా తెలుసు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు గిరిజన మహాసభకు వెళ్తున్నవాళ్లను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించి కాల్చారు. కోరన్న, మంగన్న చనిపోయారు. మరుసటి ఏడాది కోర్టులో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. 1968 నవంబరులో శ్రీకాకుళ గిరిజన సాయుధ పోరాటం రాజుకుంది. 1970 జులైలో దాని నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసు తూటాలకు బలయ్యారు. కోర్టులో తేలని లెక్క తుపాకీ చేతికెళితే ఎన్ని ప్రాణాలు పోతాయో ఇక్కడి పెద్దవాళ్లకు సినిమా చెప్పక్కర్లేదు.

అందుకే మన్యం విలేకరి నుంచి కోరాల్సింది వీరత్వం కాదు, వార్త వెంట చివరిదాకా పడటం. కర్రకు దుప్పటి కట్టి, నిండు గర్భిణిని అందులో పడుకోబెట్టి, ఇద్దరు భుజాన మోసుకుంటూ వాగు దాటే డోలీ ఫొటో ప్రతి వానాకాలం పత్రికల్లో కనిపిస్తుంది. ఆ తల్లీబిడ్డా ఇల్లు చేరారా, ఆ ఊరికి రోడ్డు పడిందా అన్నది మాత్రం ఎప్పుడో గానీ రాదు. కేసులదీ అదే దారి: అరెస్టయిన రోజు ఫొటోతో సహా వేస్తారు, తీర్పు రోజుకు అందరూ మరిచిపోతారు.

తప్పు మండల విలేకరిది కాదు. చాలామందికి నెల జీతమే లేదు. అచ్చయిన వార్తకే అంతో ఇంతో ముడుతుంది. వార్త పుట్టని కోర్టు వాయిదాకు సొంత పెట్రోలు పోసుకుని పార్వతీపురం ఎన్నిసార్లు వెళ్తాడు? ఆ తిరుగుడుకయ్యే ఖర్చు, ఆ రోజు కూలీ పత్రికలే లెక్కగట్టి ఇవ్వాలి, ఆ రోజు ఒక్క ముక్కా అచ్చుకాకపోయినా సరే.